గోనె గవరమ్మ కూర్చున్న చోటు

నిజం చెప్పండి, ఏం చూశారు? మా నూలుపేట కుట్టు సంచిని అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఏం చూశారు? చిలుక అంటారు. రంగులు అంటారు. అంతేనా? ఆ చిలుకకు ముక్కూ తోకా రెండూ ఉన్నాయని చూశారా? అవి ఊరికే రాలేదు! ఒక ముసలిది మూడు సంతలు ఏడిస్తే వచ్చాయి. కూర్చోండి, చెబుతాను.

అది గడియారాలు లేని కాలం. కోడి కూస్తే తెల్లారినట్టు, ఆకలేస్తే మధ్యాహ్నమైనట్టు. ఆ కాలంలో నూలుపేటలో గవరమ్మ ఉండేది. దబ్బనంతో, పురికొసతో గోనెల మూతులు కుట్టేది. ఎండలో కుట్టేది, కుట్టిన గోనెలు మోసేది. మోసి మోసి నడుం వంగిపోయింది. ఇంకొక్క వేసవి మోస్తే మంచాన పడుతుందని ఊరందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఊళ్లో నీడన కూర్చుని చేసే పని ఒక్కటే, సుందరాంబ వసారాలో కుట్టుపని. పెళ్లికూతుళ్ల వక్కల సంచుల మీద చిలుకలు కుట్టేవారు. ఒక పోగు ఇటు ఏటవాలుగా, దాని మీద ఇంకో పోగు అటు ఏటవాలుగా. మీరు క్రాస్ కుట్టు అంటారే, అదే.

గవరమ్మ వెళ్లి అడిగింది. "అమ్మగారూ, నాకూ ఇంత చోటివ్వండి."

వసారాలో వాళ్లంతా నవ్వారు. "దబ్బనం పట్టే చేతికి సూది కనిపిస్తుందా పిన్నీ?"

సుందరాంబ నవ్వలేదు. మూడు గుడ్డ ముక్కలు ఇచ్చింది. "మూడు సంతల్లోగా ఒక్క నిండు చిలుకను తే. తెస్తే నీడ నీది. తేలేకపోతే ఎండ నీది."

నీడన కూర్చోవడానికీ పరీక్షే! ఒళ్లు మండదూ?

గోనె ఎప్పుడూ మూల నుంచే కుడతారు. గవరమ్మ కూడా గుడ్డ మూల పట్టుకుంది. దబ్బనం చేయి కదా! పై మూలలో చిలుక నెత్తి మొదలుపెట్టింది. ఒళ్లంతా చక్కగా వచ్చింది. తీరా చూస్తే ముక్కుకు గుడ్డ లేదు.

మొదటి సంతకు పట్టుకెళ్లింది.

"ముక్కు లేకుండా జామకాయ ఎలా తింటుందే?" అంది సుందరాంబ.

"మింగుతుంది అమ్మగారూ."

వసారా అంతా నవ్వింది.

రెండో ముక్క తీసింది. ఈసారి ముక్కుకు చోటు వదలాలనుకుంది. కింది మూల పట్టుకుంది. దబ్బనం చేయి కదా! కాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లింది. ముక్కు వంకీ తిరిగి వచ్చింది. కానీ చిలుక తోక కాళ్ల కిందకి వేలాడాలి. కాళ్ల కింద గుడ్డే లేదు.

రెండో సంతకు పట్టుకెళ్లింది.

"తోక ఏదే?"

"ఊరెళ్లిందమ్మగారూ. వచ్చే సంతకు వస్తుంది."

వసారా మళ్లీ నవ్వింది. గవరమ్మ మాత్రం ఇంటిదాకా ఏడ్చుకుంటూ వెళ్లింది. మిగిలింది ఒక్క ముక్క.

మర్నాడు గోనెల పనికి ఆ ముక్కను వెంట తీసుకెళ్లింది. పెద్ద గాలి. గుడ్డ ఎగిరిపోతుందని నాలుగు మడతలు పెట్టి దాని మీద కూర్చుంది. పొద్దంతా గోనెలు కుట్టింది. సాయంత్రం లేచి విప్పింది. గుడ్డ మీద నిలువుగా ఒక మడత గీత, అడ్డంగా ఒక మడత గీత. రెండూ కలిసిన చోటు గుడ్డకు సరిగ్గా నడిమధ్య.

చేయి మళ్లీ మూలకే పోయింది. దబ్బనం చేయి కదా! గవరమ్మ ఆ చేతి మీద రెండో చేత్తో ఒక్కటిచ్చింది. "మూల వదలవే ముండా!" అంది. నడిమధ్యన మొదటి కుట్టు వేసింది. అదే చిలుక పొట్ట. అక్కడి నుంచి పోగులు లెక్కపెట్టుకుంటూ పైకి సగం, కిందకి సగం కుట్టింది. ముక్కుకు చోటు మిగిలింది. తోకకు చోటు మిగిలింది.

మూడో సంతకు పట్టుకెళ్లింది. వసారా నవ్వలేదు. సుందరాంబ గుడ్డను అటు చూసింది, ఇటు చూసింది.

"మధ్యలోంచి మొదలుపెట్టమని నీకెవరు చెప్పారే?"

"నా పిర్రలు చెప్పాయమ్మగారూ."

సుందరాంబ నవ్వాపుకోలేక వసారా స్తంభం పట్టుకుంది. తర్వాత తన చాపే కాస్త పక్కకు జరిపింది. గవరమ్మ నీడన కూర్చుంది. పోయేదాకా ఆ చోటు ఆమెదే.

ఆమె పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. కానీ నూలుపేటలో ఈరోజుకీ కొత్తగా కుట్టు మొదలుపెట్టే పిల్ల ముందు గుడ్డను నాలుగు మడతలు పెట్టి దాని మీద కూర్చుంటుంది. పక్కనున్నవాళ్లు "గవరమ్మ కూర్చుంది, ఇక లేవచ్చు" అనేదాకా లేవకూడదు. నడిమధ్య కుట్టుకు 'గవరమ్మ చోటు' అని పేరు. ఈమధ్య కొందరు కూర్చోవడం నామోషీ అని ఇస్త్రీ పెట్టెతో మడత వేస్తున్నారు. వాళ్ల సంగతి నాకు చెప్పకండి, కోపమొస్తుంది.

మీరూ చిలుకను కుడతామని రంగులు ఎంచారు, దారం తెంపారు, సూదిలోకి ఎక్కించారు. అన్నీ బాగానే ఉన్నాయి. గుడ్డ మీద కూర్చున్నారా?