ఫుకి కత్తికి పట్టిన ఎరుపు

ఒకప్పుడు ఇనుముకు తుప్పు అంటే తెలియదు. తాత ఏట్లో జారవిడుచుకున్న కత్తి మనవడికి దొరికినా నిన్న సాన పట్టినట్టే మెరిసేది. నీళ్ళకూ ఇనుముకూ అంత స్నేహం.

ఆ రోజుల్లో జపాను దేశంలో ఒక కొండ మీద ఉక్కు చేసేవాళ్ళ ఊరు ఉండేది. ఆ ఊళ్ళో ఉక్కు తప్ప ఇంకేదీ చక్కగా చేసేవారు కాదు. వాళ్ళ పులుసు తాగినవాళ్ళు రెండోసారి ఆ దారిన పోయేవారు కాదు.

కొండా ఏరూ అక్కచెల్లెళ్ళు. చలికాలమంతా ఏరు తన అక్క ఒడిని కడిగి, అందులో రాలిన నల్లటి ఇనప ఇసుకను మోసుకొచ్చి మలుపుల దగ్గర పెట్టి పోయేది.

"నేను తెచ్చింది తీసుకోండి. అక్క మీద మాత్రం గడ్డపార వేయకండి," అనేది ఏరు.

ఊరివాళ్ళు సరేనన్నారు. గడ్డపార వేయాలంటే నడుం వంచాలి కదా, అందుకని ఆ మాట మీద అందరూ గట్టిగానే నిలబడ్డారు.

ఆ ఊరి ఉక్కు మేస్త్రీ పేరు తాజో. ఆయన మట్టితో పెద్ద తొట్టిలాంటి కొలిమి కట్టించి, మూడు పగళ్ళూ మూడు రాత్రులూ అందులో ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఇసుక పోయించేవాడు. అటూ ఇటూ మనుషులు వంతులవారీగా కాళ్ళతో తిత్తులు తొక్కేవారు. తాజో మాత్రం కొలిమి గోడకున్న చిన్న కన్నంలోంచి మంట రంగు చూస్తూ కూర్చునేవాడు. ఎప్పుడు ఇసుక వేయాలో, ఎప్పుడు ఆపాలో ఆ రంగే చెప్పేది.

నాలుగో రోజు పొద్దున్నే కొలిమిని పగలగొడితే, లోపల గేదె అంత ఉక్కు ముద్ద ఉండేది. దాన్ని లాక్కెళ్ళి ఏటి నీళ్ళు నింపిన గుంటలోకి దొర్లించేవారు.

"వచ్చావా? ఒళ్ళు కాలిపోతోందే," అంటూ ఏరు దాని వేడి తీసేది.

అలా మంటను చూసి చూసి తాజోకి కుడి కన్ను పోయింది. ఎడమ కన్ను మిగిలింది. కొలిమి పగలగొట్టాక మూడు రోజులపాటు దానికి లోకమంతా ఎర్రగా కనిపించేది. ఆ ఊరి తునికి పండ్లు మాగితే ఎర్రబడతాయి. ఒకసారి తాజో పచ్చి కాయను మాగిందనుకుని కొరికాడు. నలుగురూ చూస్తున్నారని, పరువు కోసం ముచ్చిక దాకా తిన్నాడు. ఆ వగరుకు సాయంత్రం వరకూ నోరు విప్పలేకపోయాడు. తిత్తులు తొక్కేవాళ్ళు అంత ప్రశాంతమైన రోజు మళ్ళీ రాలేదని చెప్పుకునేవారు.

తాజోకి భార్య లేదు. ఒక్కతే కూతురు, ఫుకి. ఏటి పక్కన వరి పండించుకునే కింది ఊరికి ఇచ్చి పెళ్ళి చేశాడు. సాగనంపేటప్పుడు తన ఉక్కుతో చేసిన కూరలు తరిగే కత్తి చేతికిచ్చాడు.

"మీ అత్త నాలుక కంటే ఇదే పదునమ్మా," అన్నాడు.

తరువాత పండక్కి వచ్చినప్పుడు, "ఇంకా తేలలేదు నాన్నా," అంది ఫుకి.

ఒక ఏడాది ప్రభువు దగ్గర్నుంచి అధికారి వచ్చాడు. "యుద్ధం వస్తోంది. మంచు పడేలోగా ఆరు ముద్దలు కావాలి. చేతకాకపోతే ఈ పని పక్క లోయవాళ్ళకు ఇచ్చేస్తాం," అన్నాడు.

ఏరు తెచ్చే ఇసుక రెండు ముద్దలకే సరిపోయేది. తాజో లెక్క వేసుకున్నాడు. తిత్తులు తొక్కేవాళ్ళు ముప్పైమంది. ఆ పని పోతే ముప్పై పొయ్యిలు ఆరిపోతాయి. తనకా, ఉన్నది ఒక్క కన్ను. అదీ మంట చూడడానికే పనికొస్తుంది.

బొగ్గు కోసం కొండ మీది చెట్లన్నీ కొట్టించాడు. ఇసుక కోసం కొండ పాదం దగ్గర గడ్డపారలు వేయించి, తవ్విన మట్టి మీదికి ఏటి కాలువ మళ్ళించాడు. మట్టి కొట్టుకుపోయేది. బరువైన నల్ల ఇసుక అడుగున నిలిచేది.

"తాజో, నా కాలు తవ్వుతున్నావు," అంది కొండ.

"ఇంకొంచెమే, పెద్దమ్మా."

"కాలు లేకపోతే నేను నిలబడలేనురా. కూర్చోవాలి."

"మంచు పడ్డాక కూర్చుందువుగాని."

ఐదో ముద్ద బయటికి తీసిన పొద్దున్నే వాన పట్టుకుంది. తాజో ఇంకా కొలిమి దగ్గరే ఉన్నాడు. ఫుకి తడుస్తూ కొండెక్కి వచ్చింది. చేతిలో చిప్పెడు నీళ్ళు ఉన్నాయి.

"నాన్నా, ఇవి ఏటి నీళ్ళు. రంగు చూడు. కొండ కరిగి వస్తున్నట్టుంది. ఇళ్ళు వదిలేద్దామంటే మావాళ్ళు వినడం లేదు. మీ నాన్న మేస్త్రీ కదా, ఆయన వెళ్ళమంటే వెళ్దాం అంటున్నారు."

తాజో ఎడమ కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీళ్ళున్న చిప్పా ఎర్రగానే ఉంది. చిప్ప పట్టుకున్న చేయి, కూతురి మొహం, ఆమె వెనక వాన, అన్నీ ఎర్రగానే ఉన్నాయి.

తిత్తి దిగిన మంకిచి అనే అతను, "మేస్త్రీ, నేను చూసి చెప్పనా?" అన్నాడు.

మంట రంగు చూసి ఉక్కు తీసే మేస్త్రీ, నీళ్ళ రంగు ఇంకొకడిని అడగడమా? ఆ ఊళ్ళో అది ఎన్నడూ లేదు.

"నువ్వు నీ కాళ్ళు చూసుకో," అన్నాడు తాజో. కూతురి వైపు తిరిగి, "నీళ్ళు బాగానే ఉన్నాయమ్మా. భయం లేదన్నానని చెప్పు," అన్నాడు.

ఫుకి తండ్రి మాట పట్టుకుని కిందికి దిగి వెళ్ళింది. కింది ఊరివాళ్ళు ఆ మాట విని, పొయ్యిల మీద ఎసరు పెట్టుకున్నారు.

మధ్యాహ్నానికి కొండ కూర్చుంది.

పెద్దగా ఒకే ఒక్క చప్పుడు వచ్చింది. తరువాత కింది ఊరు ఉండే చోట కొండ ఉంది.

కొలిమి ఉన్న వైపు మాత్రం నిలిచే ఉంది. తాజో కిందికి దిగి చేతులతో తవ్వాడు. ముప్పైమందీ తవ్వారు. ఒళ్ళు వంచరని ఇన్నాళ్ళూ పేరుపడ్డవాళ్ళు ఆ రోజు గోళ్ళు ఊడేదాకా తవ్వారు. ఫుకి దొరకలేదు. ఆమె కత్తి దొరికింది.

తాజో దాన్ని చూశాడు. కత్తి ఎర్రగా ఉంది.

'కన్ను ఇంకా తేరుకోలేదు,' అనుకున్నాడు. కత్తిని ఒళ్ళో పెట్టుకుని ఆ మట్టి మీదే కూర్చున్నాడు. ఒక రోజు గడిచింది. రెండో రోజు గడిచింది. మూడో రోజు ఆకాశం నీలంగా కనిపించింది. గడ్డి పచ్చగా కనిపించింది. ఏటి అవతలి చెట్టు మీది తునికి కాయలు కూడా పచ్చగానే కనిపించాయి.

కత్తి మాత్రం ఎర్రగానే ఉంది. వేలితో రాస్తే ఎర్రటి పొడి రాలింది.

"చిన్నమ్మా, ఏమిటిది?" అని ఏటిని అడిగాడు.

"మా అక్కది," అంది ఏరు. "నువ్వు అక్క ఒంట్లోంచి తీసుకున్నదంతా నేను తిరిగి పట్టుకుపోతున్నాను. ఇనుము ఎక్కడున్నా సరే. తడి తగిలినా చాలు, గాలిలో నా ఊపిరి తగిలినా చాలు. గింజ గింజా తీసుకుపోతాను. నాకేం తొందర లేదు."

"అన్నీ తీసుకుపో. ఈ ఒక్కటీ వదిలెయ్. అమ్మాయిది ఇంకేమీ మిగల్లేదు."

ఏరు కత్తి అంచు దాకా వచ్చి వెనక్కి తగ్గింది. తరువాత, "తుడుస్తూ ఉండు. నువ్వు తుడిచినంతకాలం ముట్టను," అంది.

ఆరో ముద్ద తయారు కాలేదు. అధికారి వచ్చి, పని పక్క లోయకు పోయిందని చదివి వినిపించాడు. తాజో గుడ్డకు కాస్త నూనె అద్దుకుని కత్తి తుడుస్తున్నాడు. పొద్దున లేచి తుడిచేవాడు, పొద్దు వాలాక తుడిచేవాడు. పదకొండేళ్ళు అలాగే తుడిచాడు. పన్నెండో ఏడు, వానాకాలంలో, ఆయన చేయి ఆగిపోయింది. మంకిచి వచ్చి చూసేసరికి కత్తి అంచున మిరపగింజంత ఎర్రటి మచ్చ ఉంది.

అప్పటినుంచే, తుడిచే చేయి లేని ఇనుమును నీళ్ళు ఎర్రటి మట్టి చేసి కొండకు తిరిగి మోసుకుపోతున్నాయి.