మూరెడు నార

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి గట్టు తెగి మల్లెతోటలన్నీ ఇసక కింద పడ్డ ఏడు, మరిడమ్మ అనే తొమ్మిదేళ్ళ పిల్లకి అన్యాయం జరిగింది. కాళ్ళు ఆడించకుండా విను, చెబుతాను.

మరిడమ్మ వాళ్ళమ్మ నూకరత్నం పూలు కట్టి మూరల్లెక్కన అమ్మేది. మోచెయ్యి మొదలు నడిమివేలి కొసదాకా ఒక మూర. తోట పోయాక కట్టడానికి పూలేవీ? అప్పుడు మెట్ట ఊళ్ళో ఎవరిదో తోటలో పనికి కుదిరింది. పిల్లల్ని తేకూడదన్నారు ఆ తోటవాళ్ళు. వాళ్ళ నోట్లో మన్నుపడ! పిల్లని దొడ్డమ్మ దగ్గర వదిలి, దసరానాడు బయల్దేరింది.

"ఎప్పుడొస్తావమ్మా?"

"నాలుగేళ్ళకి."

"నాలుగేళ్ళంటే ఎంత?"

దొడ్డమ్మ "బోలెడు" అంది. పడవ సరంగు "కళ్ళు మూసి తెరిచేంత" అన్నాడు. పంతులు వేళ్ళు మడిచి "నలభై ఎనిమిది నెలలు, మధ్యలో ఒక అధికమాసం" అన్నాడు. పెద్దవాళ్ళకి చెప్పామనిపించుకుంటే చాలు, పిల్లకి అందిందో లేదో ఎవరికి కావాలి? బోలెడుని చేత్తో పట్టుకోగలమా? అధికమాసాన్ని ఒళ్ళో పెట్టుకోగలమా?

అప్పుడు నూకరత్నం నీళ్ళకుండలో నానుతున్న అరటినార ఒకటి తీసింది. అదేగా పూలు కట్టేది. తన మోచేతికి పెట్టి కొలిచి తెంపి, కొసన రెండు ముళ్ళు వేసింది. పిల్ల చేతికి పెడితే నాలుగు వేళ్ళ నార మిగిలింది.

"నీ మూర దీనంత అయిననాడు వస్తా. ఊరికే కొలుస్తుంటే చెయ్యి ఎదగదు. ఉగాదికి ఒక్కసారే చూడు."

మరిడమ్మ ఆ నారని పొయ్యి పైన ఉట్టిలో దాచింది. మొదటి ఉగాదికి భయమేసి తియ్యలేదు. రెండో ఉగాదికి తీసి చేతికి పెట్టుకుంటే, అమ్మో! సరిగ్గా సరిపోయింది!

ఆ తర్వాత రేవుకి ఒకటే పరుగు. మొదటిరోజు పడవ వచ్చింది, అమ్మ రాలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు సరంగు నవ్వాడు. "ఆ ఊరి పూల వాసనకి మీ అమ్మ నిన్ను మరిచిపోయిందే పిల్లా!" ఆ నవ్విన పళ్ళు రాలిపోను!

మరిడమ్మ ఇంటికొచ్చి "అబద్ధాలకోరు!" అంటూ నారని విసిరికొట్టింది. అది పోయి నీళ్ళకుండలో పడింది.

మర్నాడు దొడ్డమ్మ పెరట్లో కనకాంబరాలు కోసింది. కట్టడానికి నార కోసం మరిడమ్మ కుండలో చెయ్యి పెడితే రెండు ముళ్ళు వేలికి తగిలాయి. తీసి చూసింది. నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు నార సాగింది. చేతికి పెట్టుకుంటే రెండు వేళ్ళ నార మిగిలింది!

"దొడ్డమ్మా! అమ్మ అబద్ధం చెప్పలేదే!"

"పొయ్యి సెగకి ఎండి ముడుచుకుందే పిచ్చిమొహమా! తడినారతో పెట్టిన కొలత తడిపే చూసుకోవాలి. రోజూ నానేసే చెయ్యే, ఆ మాత్రం తెలీదూ?"

పిల్ల ఏడవలేదు. తన రెండు వేళ్ళని రెండో చేతి పిడికిట్లో పట్టుకుని కూచుంది. ఎదురుచూపు ఎంతుంటుందో అప్పటికి తెలిసింది దానికి. రెండు వేళ్ళంత.

మూడో ఉగాదికి తడిపి కొలిచింది. ఒక వేలు. నాలుగో ఉగాదికి సరిసమానం. అయినా అమ్మ రాలేదు. ఆ వేసవంతా దొడ్డమ్మ పెరటి పూలకొచ్చినవాళ్ళెవరైనా "మూరెయ్యవే" అంటే చెయ్యి చాచేది. పూలదండ ఆ చేతి మీద ఉన్నంతసేపూ అది అమ్మ చెయ్యే. కోసి ఇచ్చేస్తే మళ్ళీ ఉత్త చెయ్యి.

అప్పుడు దసరా వచ్చింది. పడవ దిగింది నూకరత్నం, ముళ్ళు గీరిన చేతులతో.

"సరిగ్గా నాలుగేళ్ళే తల్లీ! ఒక్కరోజు తప్పలేదు!"

మరిడమ్మ ఎదురెళ్ళింది. అమ్మ మోచేతికి మోచెయ్యి ఆనించి, చెయ్యి పక్కన చెయ్యి పెట్టింది. పిల్ల నడిమివేలు అమ్మ వేలిని ఒక వేలి మందాన దాటిపోయింది.

"నీది పంతులుగారి లెక్క. నాది చేతి లెక్క. ఆలస్యంగా వచ్చావమ్మా," అని, అప్పుడు ఏడిచింది.

నూకరత్నం కాదనలేదు. పిల్లని పొదువుకుని, పంతుల్నే పిలిచి తలుపు మీద బొగ్గుతో రాయించింది: ఆశ్వయుజ శుద్ధ దశమి. ఆలస్యం, ఒక వేలు.

కథ పోయే కంచి బాట,
మనం పోయే ఇంటి బాట,
చేతికందినదే మాట!