ఊడ్చిన వాకిలి

ఎన్ని గోతులు తవ్వినా మట్టే. గాజు పెంకు లేదు, కుండ పెంకు లేదు, తుప్పు పట్టిన మేకు ముక్కైనా లేదు. నూకరత్నానికి ఏడుపొక్కటే తక్కువ.

అనకాపల్లి పిల్ల. పాతకాలపు ఇళ్ళను తవ్వి చరిత్ర తెలుసుకునే చదువు చదివి, ఆ పనిలో మెళకువలు నేర్చుకోవాలని సముద్రం దాటి ఆ చెరకు దీవికి, సింహాద్రి మాస్టారి దగ్గరకు వచ్చింది. మాస్టారి ముత్తాత మన విశాఖ వైపు నుంచి ఆ దీవి తోటలకు కూలికొచ్చిన మనిషి. ఆయనకు ముందు ఆ తోటల్లో చాకిరీ చేసినవాళ్ళు బానిసలు. విడుదలైన మర్నాడే వాళ్ళు తోటకు ఓ దండం పెట్టి, కొండవారన గుడిసెలు వేసుకున్నారని దీవిలో చెప్పుకుంటారు. చెప్పుకోవడమే తప్ప రాసినవాళ్ళు లేరు.

ఇప్పుడా కొండవారన హోటలు కడతామని ఒక కంపెనీ వచ్చింది. ఫిలోమిన్ అనే ముసలావిడ అడ్డం పడింది. "అది మా తాతముత్తాతల చోటు. మా వాళ్ళ బొడ్డుతాళ్ళు ఆ మట్టిలోనే ఉన్నాయి" అని భూముల ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. మనుషులు కాపురమున్న ఆనవాలు దొరికితే నేల ఫిలోమిన్ వాళ్ళకు ఉంటుంది, దొరక్కపోతే హోటలుకు పోతుంది. సంగతేదో తేల్చమని ఆఫీసువాళ్ళు మాస్టారికి అప్పజెప్పారు.

తీరా పని మొదలయ్యాక మాస్టారు జ్వరంతో ఆసుపత్రిలో పడ్డారు. "నేనొచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకమ్మా" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

వింటేనా! అంతకుముందు ఏడాది నూకరత్నం ఆ తోటల దొర బంగళా దగ్గర తవ్వింది. అక్కడ పార వేస్తే చాలు, పింగాణీ ముక్కలు, సీసా పెంకులు, ఒక వెండి చెంచా కూడా. గంపలకెత్తింది. మనుషులున్న చోట సామాను ఉండి తీరుతుందని అప్పుడే బుర్రలో పడిపోయింది. కొండవారన గుడిసెలున్నాయన్న చోటంతా తవ్వితే నున్నగా, గట్టిగా ఉన్న ఎర్రమట్టి తప్ప ఏమీ రాలేదు. ఆఫీసరు వచ్చి "ఏం తేలిందమ్మా?" అంటే, "ఇక్కడెవరూ ఉన్నట్టు లేదండీ" అనేసింది. ఉన్న మాటే కదా అనుకుంది. అంత పెద్ద ఆఫీసరు తనను అడిగాడన్న గర్వం కూడా లేకపోలేదు.

మాస్టారు ఆసుపత్రి నుంచి వచ్చాక, వాళ్ళు అద్దెకున్న ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పింది. ఆయన తిట్టలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. లేచి లోపలికెళ్ళి, కొబ్బరి ఈనెల చీపురు తెచ్చి ఆమె చేతికిచ్చారు.

"వాకిలి ఊడువు తల్లీ."

"పొద్దున్నే ఊడ్చాను మాస్టారూ."

"మళ్ళీ ఊడువు. మీ అమ్మ ఊడ్చినట్టు ఊడువు."

జ్వరం ఇంకా తగ్గినట్టు లేదు అనుకుని, నడుం వంచి గడప దగ్గర మొదలెట్టి దడి దాకా ఊడ్చుకుంటూ పోయింది.

"ఇప్పుడు తాపీ తెచ్చి తవ్వు."

"ఎక్కడండీ?"

"నువ్వు ఊడ్చిన చోటే, వాకిలి మధ్యలో."

తవ్వింది. మాస్టారు అరుగు మీద నుంచి మెడ సాచి చూశారు. "ఏమైనా దొరికిందా?"

"ఏముంటుంది మాస్టారూ, మట్టే."

"అయితే ఈ ఇంట్లో ఎవరూ ఉంటున్నట్టు లేదన్నమాట."

నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చీపురు వైపు చూసింది. తర్వాత దడి మొదట్లోకి చూసింది. నిన్నటి చేప ముళ్ళు, అగ్గిపుల్లలు, మాస్టారి మందుబిళ్ళల రేకు, మొన్నెప్పుడో తన చొక్కాకు ఊడిపోయిన గుండీ అక్కడ పోగుపడి ఉన్నాయి. తాపీ పట్టుకుని కొండవైపు పరిగెత్తింది.

ఆ ఎర్రమట్టి నేల చివర, తాను అటు చూడను కూడా చూడని ముళ్ళపొదల కింద తవ్వింది. ఎంతో లోతుకు పోకుండానే తగిలాయి. చేప ముళ్ళు, కుండ పెంకులు, మట్టి చిలుం ముక్కలు, ఎముకతో చేసిన గుండీలు, ఏ పసిదాని మెడలోవో నీలం పూసలు. ఎన్ని తరాల చెత్తో, పొర మీద పొర. అన్నీ ఒళ్ళో వేసుకుని అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇద్దరూ గంప పట్టుకుని ఆఫీసుకు వెళ్ళారు. ఆఫీసరు గంపలోకి చూసి తల దించుకున్నాడు. "మీ అమ్మాయి మాట మీదే నేల రాసిచ్చేశాం మాస్టారూ. సంతకాలైపోయాయి. సోమవారం కంచె వేస్తారు. ఇక నా చేతుల్లో లేదు." మాస్టారు బతిమాలారు. ఆ పై ఆఫీసుకూ వెళ్ళారు. అక్కడా అదే మాట.

ఆదివారం పొద్దున కొండవారకు వెళ్ళేసరికి ఫిలోమిన్ అక్కడే ఉంది. నూకరత్నం పూసలు తీసుకెళ్ళి ఆవిడ అరచేతిలో పోసింది.

"మీ వాళ్ళు ఇక్కడే ఉన్నారు మామ్మగారూ. నా పాడు నోటితో నేనే లేరన్నాను."

ముసలావిడ తిట్టలేదు, శపించలేదు. పూసల్ని వేలితో అటూ ఇటూ కదిపి చూసుకుంది. "మా ముత్తవ్వకు వాకిట్లో ఆకు కనబడితే ఒళ్ళు మండేదట" అంది. "'ఇది దొర వాకిలి కాదు, మనది' అనేదట."

పూసలు గౌను జేబులో వేసుకుని, వెంట తెచ్చుకున్న చీపురు అందుకుంది. "రేపటి నుంచి రానివ్వరుగా" అంటూ ఊడవడం మొదలుపెట్టింది. నాలుగు అడుగులు వేసిందో లేదో ఓ గొయ్యి అడ్డొచ్చింది. దాన్ని చుట్టి వెళ్తే ఇంకొకటి. ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నూకరత్నం చూడలేక ముఖం తిప్పుకుంది. "ఇప్పుడు నేనేం చెయ్యను మాస్టారూ? చెయ్యడానికి ఇంకేం మిగిలింది?"

మాస్టారు పక్కన పడి ఉన్న పార తీసి ఆమె చేతిలో పెట్టారు.

"గోతులు పూడ్చు తల్లీ. వాకిలంతా గోతులుంటే ఆవిడ ఎలా ఊడుస్తుంది?"