తడక మీది పచ్చి కట్టెలు

శిల్పి భద్రాచారి గారిని ప్రశ్న అడిగినవాడికి కాళ్ళనొప్పులు తప్పవని శిష్యులు చెప్పుకునేవారు. ఆయన కూర్చున్నచోట కూర్చుని జవాబు చెప్పిన పాపాన పోలేదు. "నడు, చూసొద్దాం" అని కర్ర అందుకునేవారు. ఎక్కడికో, ఏం చూడ్డానికో చెప్పేవారు కాదు. అందుకని శిష్యులు చిన్నాచితకా సందేహాలు తమలో తామే తీర్చుకుని, ఇక తప్పదనుకున్నప్పుడే ఆయన గడప తొక్కేవారు.

ఆ ఆషాఢంలో ఓంకారం అనే శిష్యుడికి తప్పలేదు. పక్క ఊరి అమ్మవారి విగ్రహం అతను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఏడాది కష్టం. జాతరకి అందించాలన్న కంగారులో, మొదట్లోనే రాయిలో పగులు లేదని తేల్చుకోవడానికి అన్ని వైపులా తట్టి నాదం వినాల్సినవాడు రెండు వైపులే విని సరిపెట్టుకున్నాడు. చివరికి అమ్మవారి ముక్కు తీర్చే వేళ రాయి నుదుటి నుంచి మెడ దాకా చీలింది. ఊరివాళ్ళు పెద్దగా ఏమీ అనలేదు, జాతర పాత విగ్రహంతోనే జరిపించుకున్నారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. ఆ తర్వాత అతను ఉలి ముట్టలేదు. సంగతి తెలిసి బావమరిది తన కిరాణా కొట్లో కూర్చోమని కబురు పెట్టాడు. ఓంకారం ఉలుల సంచీ తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

"ఏడాది చేసింది ఒక్క దెబ్బకి పోయింది గురువుగారూ. మళ్ళీ మొదలుపెట్టాలంటే నమ్మకం ఉండాలి కదా. నా దగ్గర లేదు. అదెక్కడ దొరుకుతుందో చెప్పండి. దొరకదంటే ఇవి మీరే ఉంచుకోండి."

భద్రాచారి గారు సంచీ ఎత్తి బరువు చూశారు. "కొండ మీద మంచి రాయి బయటపడిందంటున్నారు. నడు, చూసొద్దాం. ఇవి ఉంచుకోవాలో వద్దో వచ్చాక చెబుతాను. అందాకా నేనే మోస్తాలే" అన్నారు.

డెబ్బై దాటిన మనిషి సంచీ మోస్తుంటే వెనకాల చేతులూపుకుంటూ నడవడం ఓంకారానికి సిగ్గుగానే ఉంది. అలాగని ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. సగం కొండ ఎక్కేసరికి వాన అందుకుంది. కనుమ దగ్గర బాటసారుల కోసం కట్టిన రాతిగది చేరేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. గదిలో ఒక పొయ్యి, పొయ్యికి పైన వేలాడే వెదురు తడక, తడక మీద పొగకి నల్లబడ్డ ఎండు కట్టెలు. గురువుగారు గోడకి చేరగిలబడ్డారు. ఆయన పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

ఓంకారం తడక వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు. ఎవరో కష్టపడి కొట్టి దాచుకున్నవి, అడగకుండా తీస్తే దొంగతనం అవుతుంది. పరాయివాళ్ళ వస్తువు పుల్లయినా ముట్టకూడదని నేర్పింది ఈ గురువుగారే. అందుకని మూలనున్న కత్తి పుచ్చుకుని వానలోకి వెళ్ళి కొమ్మలు నరికి తెచ్చి పొయ్యిలో కూరాడు. పొగ తప్ప మంట లేదు. ఊది ఊది అతని కళ్ళు చింతనిప్పులయ్యాయి. శిష్యుడి నీతి నిలబడింది, గురువే పడిపోయేలా ఉన్నారు.

"పైన ఎండువి ఉన్నాయి కదరా" అన్నారాయన దగ్గుతూ.

"అవి ఎవరివో ఏమో గురువుగారూ."

"ఎవరివని అడుగుతున్నావు. ఎవరికని అడగవేం?"

ఓంకారం తీశాడు. మంట భగ్గున లేచింది. ఆయన అరచేతులు వెచ్చబడేదాకా అతని ప్రాణం కుదుటపడలేదు. వణుకు తగ్గాక ఆయన అక్కడి ఆచారం చెప్పారు. గదికి వచ్చినవాళ్ళు తడక మీది ఎండు కట్టెలు కాల్చుకుంటారు. వెళ్ళేముందు పచ్చివి కొట్టి వాటి చోట పేర్చిపోతారు. పొయ్యి వెలిగినప్పుడల్లా ఆ సెగకి అవి కాస్త కాస్త ఎండుతాయి. ఎవరు కొట్టింది వాళ్ళకి పనికిరాదు, తర్వాత వచ్చేవాళ్ళకే.

వాన వాళ్ళని కదలనివ్వలేదు. మర్నాడు ఓంకారం ముఖం మాడ్చుకునే కట్టెలు కొట్టాడు. జాతరకి అందని పని ఒకటి చాలదా, ఇప్పుడు ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి పని కూడానా అనుకున్నాడు. పేర్చిన కట్టెల నుంచి నీళ్ళు కారి పొయ్యిలో చుయ్యిమన్నాయి. ఆ మర్నాడు ఎవరూ చెప్పకుండానే, లేస్తూనే కత్తి అందుకున్నాడు. బెరడు ఒలిస్తే త్వరగా ఆరుతుందని, కట్టెకీ కట్టెకీ మధ్య సందు వదలాలని, పొద్దుటే ఒకసారి తిరగేయాలని చేస్తూ చేస్తూ తెలుసుకున్నాడు. వారం గడిచాక తాను మొదట పెట్టిన సన్న కట్టె ఒకటి తీసి వేలితో తట్టాడు. మొద్దు చప్పుడు పోయి గట్టిగా పలికింది. ఇంతమాత్రానికే అతనికి పట్టరాని సంతోషం వేసింది. దాన్ని పొయ్యిలో పెట్టబుద్ధి కాక మళ్ళీ తడక మీదే ఉంచాడు. తన కోసం ఏ వానలోనో తడుస్తూ కట్టెలు కొట్టిన మనిషి కూడా ముఖం మాడ్చుకునే కొట్టాడేమో అనుకుని ఒక్కడే నవ్వుకున్నాడు.

వాన తెరిపి ఇవ్వగానే పైకి వెళ్ళి రాయి చూశారు. గురువుగారు అడగకముందే ఓంకారం గులకరాయి తీసుకుని దాని చుట్టూ తిరిగి తట్టాడు. బోర్లా పడుకుని అడుగు భాగం కూడా తట్టాడు. "ఈ మూల గుల్లగా పలుకుతోంది. మిగతాదంతా మంచిదే" అన్నాడు. భద్రాచారి గారు కర్ర అందుకుని దిగుదారి పట్టారు.

తిరుగు దారిలో, గది దాటి కొంత దిగాక, ఆయన సంచీ కింద పెట్టి ఒక బండ మీద ఆయాసం తీర్చుకుంటున్నారు. కింది నుంచి మొగుడూ పెళ్ళాం ఎక్కి వస్తున్నారు. ఆమె వీపున చంటిపిల్ల. దిగువన జల్లు కొట్టినట్టుంది, ముగ్గురి బట్టలూ తడిసి ఉన్నాయి. పడమట మబ్బు మళ్ళీ కమ్ముతోంది.

"బాబూ, పైన గదిలో పొయ్యి రాజుకుంటాదా? పిల్ల తడిసిపోనాది" అని ఆమె ఆత్రంగా అడిగింది.

"ఎందుకు రాజుకోదమ్మా! నిప్పుల మీద బూడిద కప్పే వచ్చాను. తడక మీద ఎడమ పక్కవి బాగా ఎండాయి, అవి తీసుకోండి. కుడి పక్కవి ఇంకా పచ్చి. వాటికేం, మీరు నాలుగు పూటలు వండుకుంటే అవీ ఎండుతాయి. ఏం భయం లేదు, వెళ్ళండి" అన్నాడు ఓంకారం.

వాళ్ళ నడక జోరందుకుంది. వాళ్ళు మలుపు తిరిగేదాకా అతను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి, బండ పక్కనున్న ఉలుల సంచీ తీసి భుజానికి తగిలించుకున్నాడు. తగిలించుకున్న సంగతి అతనికే తెలియలేదు.

భద్రాచారి గారు కర్ర ఊతంగా లేచి, దారి చూసుకుంటూ అన్నారు.

"నమ్మకం లేదన్నావు కదరా. మరి ఇప్పుడు ఆ తల్లికి ఎక్కడి నుంచి తీసిచ్చావు?"