బడి పొయ్యికి తాళం

అనగనగా మిరపతోటల నడుమ ఒక ఊళ్ళో వజ్రం అనే పిల్ల ఉండేది. కథ మొదట్లో దాని ఆస్తంతా కలిపితే ఒక గ్లాసుడు బియ్యం, ఒక పలక, నోటికొచ్చిన ఇరవై ఎక్కాలు. అది ఐదో తరగతి. దాని చెల్లెలు బుల్లెమ్మ ఒకటో తరగతి.

చలికాలం సెలవులు పది రోజులిచ్చారు. పిల్లలంతా గంతులేశారు. వజ్రం మాత్రం పలక మీద లెక్క వేసింది. బడిలో ఇరవై మూడు మంది. పది రోజులు. అంటే రెండు వందల ముప్పై పూటలు, అన్నం లేకుండా!

ఎందుకు లేదంటావా? చెప్తా విను. ఆ ఊరి అమ్మలంతా మిరపకోతకని తెల్లారకముందే ఆటో ఎక్కిపోతారు. దీపాలు పెట్టే వేళకి గానీ రారు. పొయ్యి ముట్టుకోవద్దని పిల్లల చేత ఒట్టు వేయించుకుంటారు. పొద్దున వండిపెట్టిన అన్నం ఎనిమిదింటికే అయిపోతుంది. మామూలు రోజుల్లో అయితే మధ్యాహ్నం బడిలో వేడివేడిగా పెట్టేవాళ్ళు. ఇప్పుడు బడికి తాళం. అన్నం వండే గుండిగ లోపల.

మొదటిరోజు బుల్లెమ్మ మంచినీళ్ళు తాగి పడుకుంది. రెండోరోజు పచ్చి చింతకాయలు తిని కడుపు పట్టుకుంది. మూడోరోజు అమ్మ వెంట తోటకి పోయి, మిరపకాయలు ముట్టిన చేత్తో కళ్ళు నులుముకుంది. ఆ ఏడుపు తోటంతా వినపడింది తల్లీ!

అప్పుడు వజ్రానికి ఒళ్ళు మండింది. ముందు కూలీల మేస్త్రి దగ్గరికెళ్ళింది.

"మామా, మధ్యాహ్నం ఒక్క అమ్మని ఇంటికి పంపవా? అందరికీ వండుతుంది."

"అయితే ఆమె కోసే సాలు నువ్వు కోస్తావా?" అని నవ్వాడు మేస్త్రి.

ఆ తర్వాత ప్రెసిడెంటు గారింటికి వెళ్ళింది. బడి తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఆయన శాలువా కప్పుకుని ఉప్మా తింటున్నాడు. బడి తెరిచి అన్నం వండించమని అడిగింది.

"సెలవులన్నాక ఆడుకోవాలి పిల్లా. సెలవుల్లో వంటకి రూలు లేదు."

"ఆకలికి సెలవిచ్చే రూలుందా ప్రెసిడెంటు గారూ?"

"నోరు చూడు దీనికి!" అని ఆయన జీడిపప్పు ఏరుకున్నాడు. చూశావా, ఎంత అన్యాయమో!

ఆ తర్వాత బడిలో వండే సుశీలమ్మ దగ్గరికెళ్ళింది. "నా చేతులు ఖాళీగానే ఉన్నాయే. బియ్యం మీరు తెండి, గుండిగ ఇప్పించండి, వండకపోతే అడుగు" అంది సుశీలమ్మ.

నాలుగోరోజు మధ్యాహ్నం వజ్రం బడిగంట కొట్టినట్టు కంచం మీద గంటెతో కొట్టింది. "తలా ఒక గ్లాసు బియ్యం!" అని వీధివీధీ అరిచింది. ఇరవై మూడు మందీ వచ్చి ప్రెసిడెంటు గారి అరుగు మీద బంతి కూర్చున్నారు. బడిలోలాగే చిన్నవాళ్ళు ముందు. వడ్డించే ముందు బడిలో లెక్క చెప్తారు కదా, అలాగే మొదలుపెట్టారు. ఒకటి! రెండు! మూడు!

ఒకసారి చెప్పారు. ఆయన తలుపేసుకున్నాడు. రెండోసారి చెప్పారు. వీధంతా వచ్చి నిలబడింది. మూడోసారి బుల్లెమ్మ "ఒకటి!" అనగానే కిటికీలోంచి తాళంచెవి వచ్చి పడింది.

సుశీలమ్మ పొయ్యి వెలిగించింది. కానీ వజ్రం గ్లాసన్నదే గానీ, ఎంత గ్లాసో చెప్పలేదు. బడిలో కొలిచేది టీగ్లాసుతో. పిల్లలు తెచ్చింది నీళ్ళగ్లాసులతో. అన్నం ఉబికి గుండిగ మూతని లేపేసింది. పిల్లలు తిన్నాక కూడా సగం మిగిలింది. దీపాలవేళ ఆటో దిగిన అమ్మలు, మండే చేతులు కడుక్కుని, తమ చేత్తో వండని అన్నం కూర్చుని తిన్నారు. వజ్రం వాళ్ళమ్మ రెండోసారి పెట్టించుకుంది.

అలా రోజూ సాగింది. పదోరోజు ప్రెసిడెంటు గారు కబురు పెట్టాడు, "సెలవులైపోయాయిగా, తాళంచెవి ఇచ్చెయ్యమనండి" అని.

వజ్రం పలక తుడిచింది. ఎండాకాలం సెలవులు నలభై ఎనిమిది రోజులు. ఇరవై మూడుతో హెచ్చవేసింది. వెయ్యిన్నూట నాలుగు పూటలు! అప్పుడది తాళంచెవి లంగా అంచుకి ముడేసుకుని, పలక చంకన పెట్టుకుని, ఆ లెక్క చూపించడానికి మళ్ళీ ఆయన గుమ్మం వైపు నడిచింది.

గుండిగ పొంగె, గంటె మోగె,
బుల్లెమ్మ బొజ్జ బూరెలా పొంగె!
కథేమో కంచి దారి పట్టాలి,
మనమేమో ఇంట్లో దుప్పటి చుట్టాలి!