ఏనుగు దిగని రాజు

చేతిలో ఏడు వరహాలు, నోట్లో ఐదు భాషలు పెట్టుకుని దుబాసీ నూకన ఒక చిన్న రాజ్యానికి వచ్చాడు. వరహాలు నెల తిరక్కుండానే కరిగిపోయాయి. భాషలు మాత్రం అతనికి రాజుగారి కొలువు సంపాదించి పెట్టాయి.

ఆ రాజ్యాన్నేలే వీరగండ భూపతికి తన మాటే శాసనమని మహా గర్వం. కొడుకు పుట్టగానే చాటింపు వేయించాడు. "యువరాజు చెవిన తెలుగు తప్ప మరో భాష పడరాదు. పడితే బిడ్డ తికమకపడతాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు!"

రాణి ఉణ్ణిమాయది మలయాళ దేశం. బిడ్డను ఒళ్లో వేసుకుని, రాని తెలుగులో రెండు ముక్కలు కూడబలుక్కుని ఊరుకునేది. తల్లి నేర్పిన జోలపాట గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

ఆమె పుట్టింటి నుంచి వచ్చిన పట్టపుటేనుగును మావటి కుట్టన్ మలయాళంలోనే అదిలించేవాడు. అదీ ఒక భాషేనని రాజుగారికి తట్టలేదు. రాణి రోజూ కిటికీ దగ్గర నిలబడి వినేది. ఒకనాడు నూకన కంటబడింది.

"అవి తిట్లు, మహారాణీ!" అన్నాడు ఆమె భాషలో.

"తిట్లేనయ్యా. అయినా మా ఊరి తిట్లు," అంది రాణి.

ఆ పూట నూకనకు అన్నం సయించలేదు.

దసరా వచ్చింది. రాజు మూడేళ్ల కొడుకును ముందు కూర్చోబెట్టుకుని ఏనుగు మీద ఊరేగాడు. కోటలో ఎక్కడానికి ఎత్తరుగు ఉంది. గుడి ముందు మాత్రం ఏనుగు కూర్చుంటేనే దిగడం. నడిపించడానికి అంకుశం చాలు, కూర్చోబెట్టడానికి మాట కావాలి.

కుట్టన్ నోరు తెరవబోయాడు.

"ఆగు!" అన్నాడు ఏనుగు పక్కనే నడుస్తున్న నూకన. "యువరాజు వింటారు!"

కుట్టన్ నోరు మూసేశాడు.

"ఏమిటయ్యా ఈ ఆలస్యం?" అని రాజు గర్జించాడు.

"ఏనుగుకు మలయాళమే వచ్చు ప్రభూ. చాటింపేమో తమరిది. తమరే తెలుగులో సెలవియ్యండి. తమ మాట శాసనం కదా!"

"కూర్చో!" అన్నాడు రాజు. ఏనుగు చెవులాడించింది.

"కూర్చోమంటుంటే!" ఏనుగు మామిడి తోరణం లాగి నమలసాగింది. జనం పైపంచెలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"చాటింపు దిగితే తమరూ దిగవచ్చు, ప్రభూ," అన్నాడు నూకన.

రాజు మీసం దువ్వుతూ ఆలోచిస్తుండగానే, ఏనుగుశాలలో బెల్లం పెట్టి ఆడుకోవడం అలవాటైన యువరాజు ముందుకు వంగి, "ఇరి, ఆనే!" అని అచ్చం కుట్టన్ లాగే అరిచాడు. ఏనుగు మెత్తగా మోకాళ్ల మీద కూలబడింది.

బిడ్డ వెనక్కి తిరిగి, "నాన్నగారూ, ఆకలేస్తోంది," అన్నాడు.

"ఏనుగుతో ఏనుగు మాట, నాన్నతో నాన్న మాట," అన్నాడు నూకన. "ఇంతకీ తికమకపడింది ఎవరు, ప్రభూ?"

రాజు తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. చాటింపు అక్కడికక్కడే రద్దు చేసి, మెడలోని ముత్యాల హారం తీసి నూకన మెడలో వేశాడు.

కోటకు తిరిగొచ్చాక, అంతఃపురం గుమ్మం ముందు మాత్రం ఆయన నవ్వు ఆగిపోయింది.

"రాణి నోరు కట్టేసి మూడేళ్లయిందయ్యా," అన్నాడు నెమ్మదిగా. "లోపలికెళ్లి ఆమెతో ముందు ఏ మాట అనాలో ఆమె భాషలో నేర్పు."

"తమరేమీ అనకండి ప్రభూ. బిడ్డను ఒళ్లో పెట్టి, ఆమెను అననివ్వండి."

రాజు కొడుకును భుజాన వేసుకుని, తలుపు మీద చెయ్యి వేశాడు.