ముందుగా ఆరిపోయిన వరుస

మస్తానయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పరు, కరెంటు కొలిచే మీటరు చేతికిస్తారు. గుమ్మలపాలెం బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒకప్పుడు రేడియోలు, తర్వాత పంపుసెట్ల స్టార్టర్లు, ఇప్పుడు ఎల్‌ఈడీ లైట్లు బాగుచేసే ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళంతా ఈ అలవాటుకు ఏదో ఒకరోజు ఒళ్ళు మండినవాళ్ళే. కోటిలింగానికి మాత్రం ఆ రోజు షెడ్డుకు రాకముందే ఒళ్ళు మండుతోంది. వస్తూనే క్యారేజీని బల్ల మీద ఠపీమని పెట్టి, "పని బాగా చేసేవాళ్ళే ఎందుకు మాటపడాల్సి వస్తది మాస్టారూ?" అని అడిగాడు.

అతని కోపంలో తప్పులేదు. భార్య శేషారత్నం ఊళ్ళో సర్కారు ఆసుపత్రిలో నర్సు. పదకొండేళ్ళుగా కాన్పుల గదిలోనే పని. ఆ గదికి నర్సులు నలుగురు. అయినా బిడ్డ అడ్డం తిరిగిందన్నా, తల్లికి రక్తం ఆగడం లేదన్నా అందరి నోటా ఒకటే మాట, శేషారత్నం ఉందిగా అని. ఒకామెకు చెల్లెలి పెళ్ళి, ఇంకొకామెకు నడుం నొప్పి. ఆ డ్యూటీలు కూడా ఈమె నెత్తినే. పోయిన వారం ఎడతెరిపి లేకుండా మూడో డ్యూటీ చేస్తూ కళ్ళు తిరిగి, పనిముట్ల ట్రేని చేజార్చింది. తల్లికీ బిడ్డకీ ఏమీ కాలేదు. అయినా పెద్ద డాక్టరు 'విధి నిర్వహణలో నిర్లక్ష్యం' అంటూ మెమో ఇచ్చాడు. ఈ సాయంత్రంలోగా సరైన సంజాయిషీ రాకపోతే రేపటినుంచి ఆమె కాన్పుల గదిలో కాలు పెట్టకూడదు, ఓపీ చీటీలు రాసే కౌంటర్లో కూర్చోవాలి. ఊళ్ళో సగం మంది పిల్లల్ని మొదటగా ఎత్తుకున్న చేతులవి. వాటికి చీటీలు రాసే పని అప్పగిస్తారట! ఏసీ గదిలో కూర్చుని ఇలాంటి కాగితాలు రాసేవాళ్ళకు అన్నం ఎలా సయిస్తుందో మరి.

"అంత బాధలో కూడా తెల్లారుజామున లేచి వంట చేసింది, మా అమ్మకి నీళ్ళు కాచింది, పిల్లల్ని బడికి తయారుచేసింది, నా క్యారేజీ కట్టి మరీ డ్యూటీకి పోయింది మాస్టారూ. అట్టాంటి మనిషికి మెమోనా?" అన్నాడు కోటిలింగం.

మాస్టారు క్యారేజీ వంక ఒకసారి చూశారు. తర్వాత, కాన్పుల గది లైటు ఎందాకా వచ్చిందని అడిగారు.

ఇంత అన్యాయం చెప్పుకుంటుంటే లైటు గొడవేమిటని కోటిలింగానికి మరింత చిర్రెత్తింది. ఆ లైటు సంగతి మొదలుపెట్టింది కూడా శేషారత్నమే. ఆ గదిలో ట్యూబులైటు గుడ్డిదీపమైపోయిందనీ, కుట్లు వేసేటప్పుడు సూదిలో దారం కూడా కనిపించడం లేదనీ ఆమె చెబితే, కోటిలింగం నెల రోజులు కూర్చుని సొంతంగా ఒక లైటు పలక కట్టాడు. అల్యూమినియం రేకు కోసి, దాని మీద పెద్ద ఎల్‌ఈడీలు వరుసకు పది చొప్పున నాలుగు వరుసలు పేర్చాడు. వేడి రేకులోకి దిగేలా ఒక్కోదాని కింద పేస్టు పూశాడు. కరెంటును కొలిచి వదిలే పెట్టెను డ్రైవర్ అంటారు; నాలుగు వరుసలకూ కలిపి అలాంటిది ఒకటే పెట్టాడు. మొన్న వెలిగిస్తే షెడ్డులో మూలమూలా కనిపించింది. నిన్న ఒక వరుస ఆరిపోయింది. అది నాసి సరుకని తిట్టుకుని, పీకి చెత్తడబ్బాలో పారేశాడు. మిగిలిన మూడింటి వెలుగే సరిపోతోంది కదా, తీసుకెళ్ళి బిగించేద్దామనుకుంటున్నాడు.

మాస్టారు మీటరు అందించారు. కోటిలింగం దాన్ని లాక్కున్నంత పని చేశాడు. మూడు వరుసల్లోనూ ఒక్కోచోట తీగ విడదీసి, మధ్యలో మీటరు పెట్టి చూశాడు. మూడూ ఒకే డబ్బాలోవి, ఒకే చేత్తో అతికించినవి, కాబట్టి ముగ్గురన్నదమ్ముల్లా సమానంగా పంచుకుంటాయనుకున్నాడు. మొదటి వరుసలో ఆరువందల ఎనభై మిల్లీ ఆంపియర్ల కరెంటు పోతోంది. మూడోదాంట్లో ఐదువందల డెబ్బై. నడిమి వరుసలో పదకొండు వందల యాభై. మీటరు పాడైందేమోనని మళ్ళీ కొలిచాడు. అవే అంకెలు వచ్చాయి.

"ఏది బాగా వెలుగుతోంది?" అని అడిగారు మాస్టారు.

"నడిమిది."

"మధ్యాహ్నం దాకా ఉంటే గొప్ప."

ఆ తర్వాత ఆయన ఒక స్టార్టరు విప్పుకుని తన పనిలో పడ్డారు. కోటిలింగం పలక ముందే స్టూలు వేసుకు కూర్చున్నాడు. నడిమి వరుస వెనక రేకు మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు. అరగంట కాగానే మీటరు మళ్ళీ పెట్టాడు. అంకె తగ్గకపోగా పెరిగింది. వేడెక్కేకొద్దీ ఆ వరుస కరెంటుకు ఇంకా తేలిగ్గా దారి ఇస్తోంది, దారి ఇచ్చేకొద్దీ కరెంటు ఇంకా దానిమీదే పడుతోంది. పక్క రెండూ చల్లగా, హాయిగా వెలుగుతున్నాయి. పన్నెండు దాటగానే నడిమి వరుస రెండుసార్లు రెపరెపలాడి ఆరిపోయింది.

"ఇది కూడా నాసి..." అనబోయి ఆగిపోయాడు. మాస్టారు లేచి వచ్చి స్విచ్చి ఆపేశారు. చెత్తడబ్బాలోంచి నిన్నటి వరుసను తీసి, పలక పక్కన బల్ల మీద పెట్టారు. దాన్ని చూస్తుంటే కోటిలింగం చెవులు వేడెక్కాయి. నాలుగింటిలోకీ ఎక్కువ మోసింది అదే. పోయాక దానికి అతను పెట్టిన పేరు నాసి. పెద్ద డాక్టరు కాగితం మీద పెట్టిన పేరు నిర్లక్ష్యం. ఆ డాక్టరును కాలర్ పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చి ఈ మీటరు చూపించాలని అతనికి చేతులు దురదపెట్టాయి.

"ఈ పలక ఆ డాక్టరేం కట్టలేదు కదయ్యా," అన్నారు మాస్టారు.

ఒక్కో వరుసకూ ముందొక చిన్న రెసిస్టరు పెట్టాలనీ, ఏ వరుస మీదా దాని వాటాకు మించి కరెంటు పడకుండా ఆపేది అదేననీ మాస్టారు మొదట్లోనే చెప్పారు. అవి లేకపోయినా వెలుగుతోంది కదా, దండగ అనుకున్నది కోటిలింగమే. ఇప్పుడు పోయిన రెండు వరుసలకూ కొత్త ఎల్‌ఈడీలు అతికించి, నాలుగింటికీ రెసిస్టర్లు పెట్టాడు. మీటరుతో కొలిస్తే నాలుగూ ఆరువందలకు అటూ ఇటూగా చూపించాయి.

అన్నం కూడా తినకుండా తెల్లకాగితం ముందేసుకుని జిల్లా అధికారికి అర్జీ రాయడానికి కూర్చున్నాడు. శేషారత్నం సంజాయిషీతోపాటు దీన్నీ ఈ సాయంత్రమే ఇచ్చి రావాలని అతని పట్టుదల. నలుగురు చేయాల్సిన పని ఒక్కరి మీద తోసి, ఆ మనిషి కూలబడితే తప్పు ఆమెదే అనడం ఏ న్యాయమని నిలదీశాడు. ఎవరి డ్యూటీ వాళ్ళే చేయాలనీ, కష్టమైన కాన్పులు నలుగురూ వంతులవారీగా చూడాలనీ, మెమో వెనక్కి తీసుకోవాలనీ రాశాడు. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం పెట్టాడు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్క ముక్క వదలకుండా చదివారు. కాగితం మడిచి అతని జేబులో పెట్టారు. బల్ల మీది క్యారేజీ తీసి అతని చేతికిచ్చారు.

"ఆసుపత్రి సంగతి బాగా రాశావయ్యా. మరి ఈ క్యారేజీ సంగతి ఏ ఆఫీసరుకు రాద్దాం?"